తెలియని లవణంలో ఏముందో పట్టుకోవడం: అయాన్లు, వాయువుల పరీక్షలకు సమగ్ర మార్గదర్శి

అనంతపురం జిల్లాలో బోరు నీళ్లు ఒక టెస్ట్‌ట్యూబులో పట్టి రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేస్తే చాలా ఊళ్లలో వెంటనే తెల్లబడతాయి. క్లోరైడ్ ఉందన్నమాట. అదే నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ మాత్రం ఈ పరీక్షకు దొరకదు. పళ్లకు గారలు పట్టించేది, ఎముకలు వంచేది అదే అయినా సరే. సిల్వర్ క్లోరైడ్ నీటిలో కరగదు కాబట్టి కంటికి కనిపిస్తుంది, సిల్వర్ ఫ్లోరైడ్ హాయిగా కరిగిపోతుంది కాబట్టి కనిపించదు. క్లోరైడ్‌ను పట్టిచ్చిన సీసాయే ఫ్లోరైడ్ విషయంలో నోరు మెదపదు.

లవణ విశ్లేషణ నేర్చుకునేవాళ్లు మొదట తలకెక్కించుకోవలసింది ఇదే. ఏ పరీక్షయినా తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. అందుకే ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏది తర్వాత అడగాలి అన్న వరసే ఇందులో అసలు విద్య. ఇంటర్ రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో పిల్లలు నీలం రంగు చూసి కాపర్ అని తేల్చేసి, దానికి సరిపోయేలా పరీక్షలన్నీ రికార్డులో అల్లేస్తుంటారు. మార్కులు రావచ్చేమో గానీ, రేపు రంగులేని పొడి చేతికొస్తే ఎటు నడవాలో తెలియదు. ఇంటర్, డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులనూ, హైస్కూల్లో ఈ పరీక్షలు చేసి చూపించే సైన్స్ మాస్టర్లనూ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి

మా సీమలో చాలా తప్పులు లవణంలో కాదు, నీళ్లలోనే మొదలవుతాయి. కడప బోరు నీళ్లయినా, కర్నూలులో తుంగభద్ర నీళ్లయినా, కుళాయి తిప్పితే వచ్చేవాటిలో కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్ ముందే కరిగి ఉంటాయి. ఆ నీళ్లతో ద్రావణం చేస్తే మీరు పరీక్షిస్తున్నది లవణాన్నా, నీళ్లనా అన్నది తేలదు. ఆర్వో ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల క్యాను కూడా పనికిరాదు. అందులో లవణాలు తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు, సిల్వర్ నైట్రేట్ చుక్క పడితే పలుచని తెల్లటి మసక కనిపిస్తూనే ఉంటుంది. ల్యాబులో డిస్టిల్డ్ వాటర్ అయిపోతే, ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే నీళ్ల క్యాను కొనుక్కోండి. దాన్ని కూడా పరీక్షించాకే వాడండి.

పరీక్షించడం తేలిక. మూడు టెస్ట్‌ట్యూబుల్లో ఉత్త నీళ్లే తీసుకోండి. మొదటిదాంట్లో విలీన (నీళ్లు కలిపి పలుచన చేసిన) నత్రికామ్లం రెండు చుక్కలు వేసి సిల్వర్ నైట్రేట్, రెండోదాంట్లో విలీన హైడ్రోక్లోరికామ్లం వేసి బేరియం క్లోరైడ్, మూడోదాంట్లో అమ్మోనియా వేసి అమ్మోనియం ఆక్సలేట్ కలపండి. మూడూ తేటగా ఉంటేనే ఆ నీళ్లు వాడాలి. లవణం లేకుండా చేసే ఈ పరీక్షను ఖాళీ పరీక్ష అనుకుందాం. అనుమానం వచ్చిన ప్రతిచోటా ఇంకో రెండు ట్యూబులు పక్కన పెట్టుకోండి. ఒకదాంట్లో ఖాళీ పరీక్ష, రెండోదాంట్లో ఆ అయాన్ ఉందని ముందే తెలిసిన లవణం. మీ ద్రావణం ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉందో కన్నే చెబుతుంది.

ఫ్లోరైడ్ ఎలా పట్టుకోవాలని అడుగుతారేమో. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ఎర్రటి కారకం ఉంటుంది. ఫ్లోరైడ్ జిర్కోనియంను తనవైపు లాక్కుని రంగులేని సంక్లిష్టంగా కట్టేస్తుంది, విడిపోయిన అలిజరిన్ పసుపు రంగులో మిగులుతుంది. అంటే ఎరుపు పోయి పసుపు రావడమే ఆనవాలు. సల్ఫేట్, ఫాస్ఫేట్ ఎక్కువుంటే ఇది కూడా తప్పుదారి పట్టిస్తుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. క్లోరైడ్‌కు మొదటి హద్దు 250 మిల్లీగ్రాములు. క్లోరైడ్‌తో పోలిస్తే ఫ్లోరైడ్‌ను ఎంత కొద్ది మోతాదులో పట్టుకోవాలో ఈ అంకెలే చెబుతున్నాయి.

జాగ్రత్తలు కొన్ని, కానీ తప్పనివి

కళ్లద్దాలు పెట్టుకోండి. టెస్ట్‌ట్యూబులో మూడో వంతుకు మించి పోయవద్దు. వేడి చేసేటప్పుడు మూతి ఎవరి వైపూ ఉండకూడదు, మీ వైపూ ఉండకూడదు. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో కాదు. వాసన చూడాలంటే ట్యూబును ముక్కు దగ్గర పెట్టకుండా, చేత్తో విసురుకుంటూ కొద్దిగా పీల్చాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ దగ్గర ఇంకాస్త భయం ఉండాలి. మొదట కుళ్లిన గుడ్డు వాసన గుప్పున వస్తుంది, మోతాదు సుమారు 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది. వాసన తగ్గిందంటే వాయువు తగ్గిందని అనుకోవద్దు.

తెలియని పొడి మీద గాఢ సల్ఫ్యూరికామ్లం పోయడానికి తొందరపడవద్దు. అది క్లోరేటో, పర్మాంగనేటో అయితే పేలే ప్రమాదం ఉంది. ముదురు ఊదా రంగు పొడి మీద ఆ ఆమ్లం అసలు పోయకూడదు. కళాశాల ఇచ్చిన లవణం వేరు, బయట ఎక్కడో దొరికిన పొడి వేరు. రెండోదాన్ని వేడి చేయడం, గాఢ ఆమ్లం కలపడం లాంటివి చేయనే వద్దు.

ఇంకో మాట. బాత్‌రూములు కడగడానికి అమ్మే యాసిడ్ చవకని ల్యాబులోకి తెస్తుంటారు. దాని పసుపు ఛాయ చాలాసార్లు ఇనుము వల్ల వచ్చేదే. దాంతో పరీక్షలు చేస్తే ప్రతి లవణంలోనూ ఫెర్రిక్, అంటే ఇనుము అయాన్, కనిపిస్తుంది.

మొదటి మెట్టు: పొడిని చూడటం, వేడి చేయడం

రంగు ఒక సూచన మాత్రమే. నీలమైతే కాపర్, ఆకుపచ్చైతే నికెల్, గులాబీ అయితే కోబాల్ట్, చాలా లేత గులాబీ అయితే మాంగనీస్, లేత ఆకుపచ్చైతే ఫెర్రస్ (ఇనుముదే ఇంకో అయాన్), పసుపు గోధుమ అయితే ఫెర్రిక్ కావచ్చు. తెల్లగా ఉందంటే వీటి అవకాశం తగ్గిందని మాత్రమే అర్థం. నిర్జల కాపర్ సల్ఫేట్ తెల్లగానే ఉంటుంది, నీటి చుక్క పడితేనే నీలమవుతుంది.

పొడి టెస్ట్‌ట్యూబులో చిటికెడు లవణం వేసి మెల్లగా వేడి చేయండి. చిటపటలాడితే సోడియం క్లోరైడో, లెడ్ నైట్రేటో అయి ఉండవచ్చు. ట్యూబు పైభాగాన తెల్లటి పూత పేరుకుంటే అమ్మోనియం లవణాన్ని అనుమానించాలి. వేడిలో పసుపుగా ఉండి చల్లారాక తెల్లబడితే జింక్. ఎర్రటి గోధుమ వాయువు వస్తే నైట్రేటో, బ్రోమైడో. అమ్మోనియం నైట్రేట్ కావచ్చని తోస్తే మాత్రం వేడి చేయడం అక్కడితో ఆపేయండి, అది పేలుడు పదార్థం.

జ్వాలా పరీక్ష తర్వాత చేయండి. స్పిరిట్ దీపం మంట దానికదే పసుపు, అందుకే గ్యాస్ బర్నర్ నీలి మంట కావాలి. నిక్రోమ్ తీగను గాఢ హైడ్రోక్లోరికామ్లంలో ముంచి, మంటకు రంగు రాకుండా పోయేదాకా కాల్చి, అదే ఆమ్లంతో తడిపి లవణాన్ని అంటించి పెట్టాలి. ప్లాటినం తీగ ఉన్న అదృష్టవంతులు సీసం అనుమానం ఉన్న లవణాన్ని దానికి అంటించవద్దు, తీగ పాడవుతుంది. కాల్షియం ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం చిక్కని ఎరుపు, బేరియం పసుపు కలిసిన లేత ఆకుపచ్చ, కాపర్ నీలం కలిసిన ఆకుపచ్చ, పొటాషియం లేత ఊదా, సోడియం బంగారు పసుపు.

ఇక్కడ సోడియం ఒక పెద్ద బెడద. చేతి చెమటలో, దుమ్ములో, గాజులో అన్నిట్లోనూ ఉంటుంది కాబట్టి ఏ లవణం పెట్టినా క్షణంపాటు పసుపు మెరుస్తుంది. ఆ పసుపు చాలాసేపు గట్టిగా నిలిస్తేనే లెక్క. దాని వెనక పొటాషియం దాక్కుందేమో చూడాలంటే నీలి కోబాల్ట్ గాజులోంచి చూడండి. గాజు పసుపును మింగేస్తుంది, పొటాషియం ఉంటే గులాబీ ఎరుపు కనిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ ఇలాంటి మంటలనే, వెలుగును రంగు గీతలుగా విడదీసే వర్ణపటదర్శినితో పరీక్షించి 1860లో సీజియంను, 1861లో రుబీడియంను కనిపెట్టారు. కంటి చూపు దగ్గర ఆగకుండా గీతలను విడదీసి చూశారు, తేడా అంతే.

రెండో మెట్టు: వాయువు ఏదో తేల్చడం

లవణానికి విలీన హైడ్రోక్లోరికామ్లం కలపగానే వచ్చే వాయువు ఆమ్ల రాడికల్ (లవణంలోని రుణావేశ అయాన్) పేరు చెప్పేస్తుంది, మనం దాన్ని సరిగ్గా గుర్తుపడితే.

బుసబుస పొంగి, రంగూ వాసనా లేని వాయువు వస్తే దాన్ని సున్నపు తేటలోకి పంపండి. సున్నపు తేట కోసం మందుల కంపెనీ సీసాయే అక్కర్లేదు. తాంబూలం సున్నం గుప్పెడు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, మూత బిగించి రాత్రంతా ఉంచి, పైన తేరిన తేటను వంచుకుంటే చాలు. గాలి తగిలితే పైన పొర కడుతుంది, కాబట్టి మూత తీసి వదిలేయవద్దు. తేట తెల్లబడితే కార్బన్ డయాక్సైడ్. అలాగే పంపుతూ ఉంటే తెలుపు పోయి మళ్లీ తేటబడుతుంది, కాల్షియం కార్బొనేట్ కరిగే బైకార్బొనేట్‌గా మారడం వల్ల. తేటబడ్డాక చూసి వాయువేమీ రాలేదని రాసేవాళ్లున్నారు, కాబట్టి మొదటి అర నిమిషం ట్యూబు మీంచి చూపు తిప్పవద్దు.

అసలు ఉచ్చు వేరే ఉంది. సల్ఫర్ డయాక్సైడ్ కూడా సున్నపు తేటను ఇలాగే తెల్లబరుస్తుంది. అందువల్ల సున్నపు తేట ఒక్కటే చూసి కార్బొనేట్ అని రాయకూడదు. ముందు ఆమ్లీకరించిన పొటాషియం డైక్రోమేట్‌లో తడిపిన కాగితం మూతి దగ్గర పట్టండి. నారింజ రంగు ఆకుపచ్చగా మారితే సల్ఫర్ డయాక్సైడ్, లవణం సల్ఫైట్. రెండూ ఉన్నాయేమోనని అనుమానమైతే వాయువును మొదట డైక్రోమేట్ ద్రావణంలోంచి పంపి, సల్ఫర్ డయాక్సైడ్‌ను అక్కడే ఆపేసి, ఆ తర్వాత సున్నపు తేటలోకి వదలండి. అప్పుడు తెల్లబడితే నిస్సందేహంగా కార్బొనేట్.

కుళ్లిన గుడ్డు వాసన వచ్చి, లెడ్ ఎసిటేట్ కాగితం నల్లబడితే సల్ఫైడ్. విలీన ఆమ్లంతోనే గోధుమ పొగలు వస్తే నైట్రైట్. వినిగర్ వాసన వస్తే ఎసిటేట్.

విలీన ఆమ్లంతో ఏమీ జరగకపోతేనే గాఢ సల్ఫ్యూరికామ్లం జోలికి వెళ్లాలి. ఘాటైన రంగులేని వాయువు వచ్చి, అమ్మోనియాలో ముంచిన గాజు కడ్డీ దగ్గర దట్టమైన తెల్లటి పొగ లేస్తే హైడ్రోజన్ క్లోరైడ్, అంటే క్లోరైడ్ లవణం. ఊదా రంగు ఆవిరి వచ్చి స్టార్చ్ కాగితాన్ని నీలం చేస్తే అయోడైడ్. గోధుమ వాయువు దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి, బ్రోమిన్ ఆవిరికీ నైట్రోజన్ డయాక్సైడ్‌కూ రంగు దాదాపు ఒకటే. తడి స్టార్చ్ కాగితం నారింజ పసుపు అయితే బ్రోమిన్. ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణాన్ని నల్లటి గోధుమగా మారిస్తే నైట్రోజన్ డయాక్సైడ్. చిన్న రాగి ముక్క వేసి వేడి చేస్తే గోధుమ పొగలు మరింత దట్టమైనా నైట్రేట్ వైపే మొగ్గు.

ఆక్సిజన్ దగ్గర పుల్ల కొసన నిప్పు భగ్గుమంటుంది, హైడ్రోజన్ టప్పుమని మండుతుంది. నైట్రస్ ఆక్సైడ్‌లో కూడా పుల్ల భగ్గుమంటుందని చాలామందికి తెలియదు. క్లోరిన్ తడి లిట్మస్ రంగును తినేస్తుంది. స్టార్చ్ అయోడైడ్ కాగితాన్ని క్లోరినూ, నైట్రోజన్ డయాక్సైడూ రెండూ నీలం చేస్తాయి కాబట్టి ఆ కాగితం ఒక్కటే చాలదు.

అమ్మోనియా పరీక్ష చిన్నదే గానీ, మోసం ఎక్కువ. లవణానికి సోడియం హైడ్రాక్సైడ్ కలిపి వెచ్చబెట్టి, తడి ఎర్ర లిట్మస్ కాగితాన్ని మూతికి పైన గాలిలో పట్టాలి. ట్యూబు అంచుకు తగిలితే అక్కడ చిందిన క్షారానికే కాగితం నీలమైపోతుంది. నిర్ధారణకు ఆ వాయువును నెస్లర్ కారకంలోకి పంపితే గోధుమ అవక్షేపం (ద్రావణంలో కరగకుండా దిగే ఘనపదార్థం) వస్తుంది. ఇంకో ముఖ్య విషయం, అమ్మోనియంను అసలు లవణంతోనే, అన్నిటికంటే ముందు పరీక్షించాలి. తర్వాతి గ్రూపు పరీక్షల్లో మనమే అమ్మోనియం క్లోరైడ్, అమ్మోనియా పోస్తాం. అప్పుడు చూస్తే ప్రతి లవణంలోనూ అమ్మోనియం ఉంటుంది.

మూడో మెట్టు: ద్రావణంలో ఆమ్ల రాడికల్

సల్ఫేట్, ఫాస్ఫేట్ లాంటివి వాయువులు ఇవ్వవు, ద్రావణంలోనే పట్టుకోవాలి. లవణం నీటిలో కరగకపోతే దానికి రెండు రెట్లు సోడియం కార్బొనేట్ కలిపి, డిస్టిల్డ్ వాటర్‌లో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. ఈ సోడా సారంలోకి ఆమ్ల రాడికల్ వచ్చేస్తుంది. పరీక్షకు ముందు సరైన ఆమ్లం వేసి పొంగు పూర్తిగా ఆగేదాకా తటస్థం చేయాలి, లేకపోతే మిగిలిన కార్బొనేటే సిల్వర్‌తోనూ బేరియంతోనూ తెల్లని అవక్షేపమిచ్చి మనల్ని ఆడిస్తుంది.

సరైన ఆమ్లం అంటే ఏది? దీన్ని కంఠస్థం చేయకండి, ఆలోచిస్తే తేలిపోతుంది. క్లోరైడ్ కోసం వెతుకుతూ హైడ్రోక్లోరికామ్లం వేస్తే క్లోరైడ్‌ను మనమే తెచ్చిపోసినట్టు, అందుకే అక్కడ నత్రికామ్లం. సల్ఫేట్ కోసం వెతుకుతూ సల్ఫ్యూరికామ్లం వేయకూడదు, అందుకే హైడ్రోక్లోరికామ్లం. నైట్రేట్ వలయ పరీక్షకు ముందు నత్రికామ్లం పనికిరాదు, విలీన సల్ఫ్యూరికామ్లం కావాలి.

సిల్వర్ నైట్రేట్‌తో పెరుగు తరకల వంటి తెల్లని అవక్షేపం వచ్చి, అమ్మోనియాలో పూర్తిగా కరిగితే క్లోరైడ్. లేత పసుపు రంగులో ఉండి కష్టంగా, కొద్దిగా కరిగితే బ్రోమైడ్. పసుపుగా ఉండి అసలు కరగకపోతే అయోడైడ్. పసుపుల మధ్య తేడా కంటికి అంత తేలిగ్గా ఆనదు, అమ్మోనియాలో కరగడాన్నే నమ్మండి. బేరియం క్లోరైడ్‌తో తెల్లని అవక్షేపం వచ్చి విలీన హైడ్రోక్లోరికామ్లంలో కరగకుండా నిలిస్తే సల్ఫేట్. ఫాస్ఫేట్‌కు గాఢ నత్రికామ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ వేసి గోరువెచ్చగా చేస్తే చిక్కటి పసుపు అవక్షేపం దిగుతుంది.

నైట్రేట్ వలయం చేయడానికి ఓపిక కావాలి. ఫెర్రస్ సల్ఫేట్‌ను అప్పటికప్పుడు కలుపుకోవాలి, వారం నాటి సీసాలోది గాలికి ఫెర్రిక్ అయిపోయి ఉంటుంది. లవణ ద్రావణంలో దాన్ని కలిపి, ట్యూబును వంచి, గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని గోడ వెంబడి జార్చండి. బరువైన ఆమ్లం అడుగుకు చేరి, రెండు పొరలు కలిసేచోట గోధుమ వలయం ఏర్పడుతుంది. కదిపితే వలయం పోతుంది. నైట్రైట్, బ్రోమైడ్, అయోడైడ్ ఉంటే ఈ పరీక్షను నమ్మలేం.

నాలుగో మెట్టు: క్షార రాడికల్, గ్రూపుల వెనక ఉన్న లెక్క

క్షార రాడికల్ అంటే లవణంలోని ధనావేశ అయాన్. ఒకే కారకంతో అవక్షేపంగా దిగే అయాన్ల జట్టు ఒక గ్రూపు. ఈ గ్రూపులు ఒక వరసలో పేర్చిన జల్లెడల్లాంటివి. మొదటిదాంట్లో ఆగనిది రెండోదానికి వెళ్తుంది. వరస మారితే జల్లెడలన్నీ వృథా.

ద్రావణానికి విలీన హైడ్రోక్లోరికామ్లం వేయగానే తెల్లని అవక్షేపం వస్తే మొదటి గ్రూపు. మామూలుగా ఇచ్చేది లెడ్. వేడి నీళ్లలో అది కరిగి, చల్లారితే సూదుల్లాంటి స్ఫటికాలుగా తిరిగొస్తుంది. పొటాషియం అయోడైడ్‌తో పసుపు అవక్షేపం ఇస్తుంది, దాన్ని వేడి నీళ్లలో కరిగించి చల్లారనిస్తే బంగారు రేకులు మెరుస్తూ దిగుతాయి. ఈ పరీక్షలన్నిటిలో చూడముచ్చటైనది ఇదేనని నా అభిప్రాయం.

అవక్షేపం రాకపోతే అదే ఆమ్ల ద్రావణంలోకి హైడ్రోజన్ సల్ఫైడ్ పంపాలి. నల్లగా వస్తే కాపర్ లేదా లెడ్. లెడ్ క్లోరైడ్ చల్లటి నీళ్లలో కొంత కరుగుతుంది కాబట్టి మొదటి గ్రూపులో తప్పించుకున్న లెడ్ ఇక్కడ దొరుకుతుంది. పసుపు తెలుపు కలిసిన సన్నటి మసక వస్తే కంగారు పడవద్దు. ద్రావణంలో నత్రికామ్లమో ఫెర్రిక్ అయానో ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఆక్సీకరణం చెంది గంధకం దిగుతుంది. అది గ్రూపు కాదు. కాపర్‌కు నిర్ధారణ, అసలు ద్రావణంలో అమ్మోనియా ఎక్కువగా వేస్తే వచ్చే ముదురు నీలం, పొటాషియం ఫెర్రోసయనైడ్‌తో వచ్చే చాకొలెట్ గోధుమ అవక్షేపం.

రెండో గ్రూపులోనూ నాలుగో గ్రూపులోనూ వాడేది హైడ్రోజన్ సల్ఫైడే కదా, మరి జింక్ రెండో గ్రూపులోనే ఎందుకు దిగదు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే గ్రూపులన్నీ తెలిసినట్టే. ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్లు ఎక్కువగా ఉంటాయి, అందువల్ల హైడ్రోజన్ సల్ఫైడ్ విడిపోవడం తగ్గి సల్ఫైడ్ అయాన్లు బహు కొద్దిగానే ఉంటాయి. ఆ కొద్దిపాటికే దిగిపోయేది కాపర్ సల్ఫైడ్, దాని ద్రావణీయతా లబ్ధం (అయాన్ల గాఢతల లబ్ధం ఎంత దాటితే అవక్షేపం దిగుతుందో ఆ హద్దు) అంత చిన్నది. జింక్, మాంగనీస్, నికెల్, కోబాల్ట్ సల్ఫైడ్‌లకు అది చాలదు. అమ్మోనియా పోసి క్షారయుతం చేస్తే సల్ఫైడ్ అయాన్లు పెరిగి అప్పుడు దిగుతాయి.

మూడో గ్రూపులోనూ ఇదే లెక్క. అమ్మోనియాకు ముందు అమ్మోనియం క్లోరైడ్ ఎందుకు వేస్తాం? అందులోని అమ్మోనియం అయాన్లు అమ్మోనియా విడిపోవడాన్ని అణచివేస్తాయి. ఈ ఉమ్మడి అయాన్ ప్రభావంతో హైడ్రాక్సైడ్ అయాన్లు తగ్గి, ఫెర్రిక్, అల్యూమినియం మాత్రమే హైడ్రాక్సైడ్‌లుగా దిగుతాయి. అది మరిచిపోతే మెగ్నీషియం కూడా ఇక్కడే తెల్లగా దిగి అల్యూమినియం వేషం వేస్తుంది. ఈ గ్రూపుకు ముందు ద్రావణాన్ని మరిగించి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వెళ్లగొట్టాలి, తర్వాత గాఢ నత్రికామ్లం రెండు చుక్కలు వేసి మళ్లీ మరిగించాలి. ఫెర్రస్‌ను ఫెర్రిక్‌గా మార్చడానికే అది. ఎర్రటి గోధుమ అవక్షేపమైతే ఫెర్రిక్, థయోసయనేట్‌తో రక్తపు ఎరుపు వస్తే ఖాయం. అయితే లవణంలో మొదట ఉన్నది ఫెర్రసా ఫెర్రిక్కా అన్నది నత్రికామ్లం తగలని అసలు ద్రావణంతోనే చూడాలి. తెల్లటి జిగురు అవక్షేపమైతే అల్యూమినియం. దాన్ని విలీన ఆమ్లంలో కరిగించి, నీలి లిట్మస్ వేసి, అమ్మోనియా చుక్కలు వేస్తూ పోతే రంగులేని ద్రావణంలో నీలి ముద్ద తేలుతుంది.

నాలుగో గ్రూపులో తెలుపు జింక్, చర్మపు రంగు మాంగనీస్, నలుపైతే నికెల్ లేదా కోబాల్ట్. నికెల్‌కు డైమిథైల్ గ్లయాక్సిమ్‌తో గులాబీ ఎరుపు. మాంగనీస్ హైడ్రాక్సైడ్ తెల్లగా దిగి గాలికి గోధుమ అవుతుంది.

ఐదో గ్రూపును అమ్మోనియం కార్బొనేట్‌తో దించి, ఎసిటికామ్లంలో కరిగించి, బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం వరసలోనే చూడాలి. పొటాషియం క్రోమేట్‌తో పసుపు వస్తే బేరియం. రాకపోతే అమ్మోనియం సల్ఫేట్‌తో తెలుపు వస్తే స్ట్రాన్షియం. అదీ రాకపోతే అమ్మోనియం ఆక్సలేట్‌తో తెలుపు వస్తే కాల్షియం. ఆక్సలేట్‌తో మొదలుపెడితే బేరియం, స్ట్రాన్షియం కూడా తెల్లగా దిగే అవకాశముంది, అంటే ఆ పరీక్ష ఏమీ చెప్పనట్టే. చివరికి మిగిలేది మెగ్నీషియం. అమ్మోనియం క్లోరైడ్, అమ్మోనియా, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ వేసి గాజు కడ్డీతో ట్యూబు లోపలి గోడను గీకితే తెల్లని స్ఫటికాలు పడతాయి.

జింక్ సల్ఫేట్ సంచితో ఒక పూర్తి ఉదాహరణ

కేసీ కాలువ కింద వరి వేసే రైతు, ‘సార్, ఇది జింకేనా, ఉత్త ఉప్పా?’ అని చిటికెడు పొడి తెచ్చాడనుకోండి. జింక్ సల్ఫేట్‌కు చవకగా కలిపేది, చూపుకు అచ్చం అలాగే ఉండేది మెగ్నీషియం సల్ఫేట్.

నీళ్లలో కరిగించండి. బేరియం క్లోరైడ్‌తో కరగని తెలుపు వస్తుంది, సల్ఫేట్ ఖాయం. కానీ రెండూ సల్ఫేట్‌లే కాబట్టి రైతు ప్రశ్నకు ఇది జవాబు కాదు. ఇప్పుడు సోడియం హైడ్రాక్సైడ్ చుక్క చుక్కగా వేయండి. రెండింటికీ తెల్లని అవక్షేపమే. అదే ద్రావణం ఇంకా పోస్తూ కలపండి. జింక్ హైడ్రాక్సైడ్ కరిగి తేటబడుతుంది, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అలాగే ఉంటుంది.

తేటబడింది కదా, జింక్ అని రాసేయవచ్చా? అల్యూమినియం, లెడ్ కూడా అధిక క్షారంలో కరుగుతాయి. సల్ఫేట్‌తో లెడ్ నీళ్లలో కరగదు కాబట్టి అది తప్పుకుంది. అల్యూమినియం తప్పుకోవాలంటే ఇంకో ట్యూబులో సోడియం హైడ్రాక్సైడ్‌కు బదులు అమ్మోనియా వాడండి. అధిక అమ్మోనియాలో జింక్ హైడ్రాక్సైడ్ కరుగుతుంది, అల్యూమినియం హైడ్రాక్సైడ్ నిలుస్తుంది. రెండు ట్యూబులూ తేటబడ్డాయంటే జింక్. ఫెర్రోసయనైడ్‌తో నీలి ఛాయ ఉన్న తెలుపు వస్తే ఇంక సందేహం లేదు.

సోడియం హైడ్రాక్సైడ్ ఎంత పోసినా కొంత తెలుపు మిగిలిపోతే కల్తీని అనుమానించాలి. ఎంత కల్తీ అన్నది మాత్రం ఈ పద్ధతి చెప్పదు. హెప్టాహైడ్రేట్‌లో (ఏడు నీటి అణువులున్న జింక్ సల్ఫేట్) 21 శాతం, మోనోహైడ్రేట్‌లో (ఒక్క నీటి అణువున్నది) 33 శాతం జింక్ ఉండాలన్న నిబంధన సంచిలో నిలిచిందో లేదో ఎరువుల పరీక్షా కేంద్రమే తేల్చాలి. రైతుకు ఆ మాట కూడా చెప్పి పంపండి.

మన నేల మీద దొరికే నమూనాలు

సాధన కోసం లవణాల సీసాల కంటే మంచివి చుట్టుపక్కలే ఉన్నాయి.

కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాయి. విలీన హైడ్రోక్లోరికామ్లం చుక్క పడగానే పొంగుతాయి. వేంపల్లె వైపు డోలమైట్ మీద అదే చుక్క పెద్దగా స్పందించదు, పొడి చేసి వెచ్చబెడితే పొంగుతుంది. డోలమైట్‌లో మెగ్నీషియం చూపించాలంటే ఆమ్లంలో కరిగించి, అమ్మోనియం క్లోరైడ్, అమ్మోనియా, అమ్మోనియం కార్బొనేట్‌లతో కాల్షియంను దించి వడకట్టేశాక, తేటలో ఫాస్ఫేట్ పరీక్ష చేయాలి.

వేరుశనగకు ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోలు వేసే జిప్సం నీటిలో లీటరుకు రెండు గ్రాముల పైచిలుకే కరుగుతుంది. అది చాలు. పొడిని నీళ్లలో బాగా కుదిపి వడకడితే ఆ తేటలో ఆక్సలేట్‌తో కాల్షియం, బేరియం క్లోరైడ్‌తో సల్ఫేట్ రెండూ కనిపిస్తాయి.

చౌడు నేల ఇంకా ఆసక్తికరం. పాలచౌడులో క్లోరైడ్, సల్ఫేట్ ఎక్కువ, కారుచౌడులో సోడియం కార్బొనేట్ ఉంటుంది, జిప్సం అవసరమయ్యేది రెండోదానికే. మట్టి మీద నేరుగా ఆమ్లం పోసి పొంగింది కాబట్టి కారుచౌడు అనకండి. మన నేలల్లో సున్నపు గుళ్లు కూడా పొంగుతాయి. మట్టిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి వడకట్టి ఆ తేటనే పరీక్షించాలి, సున్నపురాయి నీళ్లలోకి రాదు కాబట్టి. ఫినాఫ్తలీన్‌తో గులాబీ వచ్చి, మెగ్నీషియం సల్ఫేట్ వేస్తే చల్లగా ఉండగానే తెలుపు దిగితే కార్బొనేట్. వేడి చేశాకే దిగితే బైకార్బొనేట్.

అన్నిటికంటే మొండిది మంగంపేట ముగ్గురాయి. పాత కడప జిల్లాలోని ఈ నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్దవాటిలో ఒకటి. రాయి చేత్తో ఎత్తగానే తెలుస్తుంది, సాంద్రత సుమారు 4.5, సున్నపురాయికి 2.7 మాత్రమే. ఏ ఆమ్లం పోసినా కదలదు, ఎందుకంటే సల్ఫేట్ పరీక్షలో మనం దించే బేరియం సల్ఫేటే ఈ రాయి. దీన్ని విప్పాలంటే మెత్తటి పొడికి నాలుగైదు రెట్లు సోడియం కార్బొనేట్ కలిపి మూసలో కరిగించాలి, లేదా చాలాసేపు మరిగించాలి. వడకట్టిన తేటను ఆమ్లీకరిస్తే అందులో సల్ఫేట్ దొరుకుతుంది. వడపోత కాగితం మీద మిగిలిన బేరియం కార్బొనేట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి, కడిగిన నీళ్లలో సల్ఫేట్ కనిపించడం ఆగేదాకా. సరిగ్గా కడగకపోతే ఆమ్లంలో కరిగించగానే రెండూ మళ్లీ కలిసి ముగ్గురాయి అయిపోతుంది, శ్రమంతా నీళ్లపాలు. బాగా కడిగి, విలీన హైడ్రోక్లోరికామ్లంలో కరిగించి జ్వాలకు పెడితే లేత ఆకుపచ్చ కనిపిస్తుంది.

రికార్డు, ఆ తర్వాత కడిగే పని

రికార్డులో చేసిన వరసలోనే రాయండి, రాని ఫలితాన్ని కూడా రాయండి. ‘విలీన ఆమ్లంతో వాయువు రాలేదు’ అన్న ఒక్క వాక్యం కార్బొనేట్, సల్ఫైట్, సల్ఫైడ్, నైట్రైట్ నాలుగింటినీ ఒకేసారి పక్కకు నెడుతుంది. ప్రతి రాడికల్‌కూ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు నిర్ధారణ పరీక్షలైనా ఉండాలి. కాపర్‌కు రంగు, జ్వాల మాత్రమే రాస్తే రెండూ కంటి చూపు మీదే ఆధారపడ్డాయి, అందుకే ఫెర్రోసయనైడ్ కావాలి.

లెడ్, సిల్వర్, క్రోమేట్, పాదరసం ఉండే నెస్లర్ కారకం సింకులో పోయవద్దు. వేర్వేరు సీసాలు పెట్టి పేర్లు అంటించండి. కరిగే బేరియం లవణాలు విషం, కరగని బేరియం సల్ఫేట్‌ను మాత్రం ఎక్స్‌రే కోసం రోగుల చేత తాగిస్తారు. కాబట్టి బేరియం వ్యర్థాల సీసాలో సోడియం సల్ఫేట్ ద్రావణం కలిపి ఒక రాత్రి వదిలేయండి. పారబోసే ముందు పైన తేరిన తేటలో ఇంకో రెండు చుక్కల సోడియం సల్ఫేట్ వేసి చూడండి. మళ్లీ తెల్లబడితే బేరియం ఇంకా ఉన్నట్టే, మరికొంత సల్ఫేట్ కలపాలి.